పెడనలో ఎర్ర పూలు మాయమయ్యాయి: బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌తో నా ఐదు నెలలు

ముందే చెప్పేస్తున్నా, నేను ఫోటోగ్రాఫర్‌ని కాదు. విజయవాడలో బ్యాంకు ఉద్యోగం. ఆదివారాలూ, రెండో శనివారం, నాలుగో శనివారం, ఇవే నా తిరుగుళ్ళు. ఈ ఐదు నెలల్లో నాలుగు చోట్లకి వెళ్ళి మూడు రోల్స్ తీశాను. లెక్క తప్పలేదు, ఎందుకలా అయిందో చెప్తాను. ఫిల్మ్ కెమెరా చేతికి వచ్చింది, ఏం చేయాలో తెలియట్లేదు అనేవాళ్ళకి నా అవస్థలు పనికొస్తాయని రాస్తున్నా.

మొదలైంది 2025 కనుమ రోజు, జనవరి 15న. తెనాలిలో బాబాయి ఇంట్లో అందరం భోజనాలు చేసి కూర్చున్నాం. పిన్ని పాత బీరువా సర్దుతూ ఒక తోలు సంచీ తీసి "ఇది కూడా పాత సామాన్లవాడికి వేసేద్దామా" అంది. లోపల పెంటాక్స్ కె1000. బాబాయి మస్కట్‌లో పనిచేసిన రోజుల్లో 1989లో కొన్నది. నా చిన్నప్పటి ఫోటోలన్నీ దాంతో తీసినవే. "తీసుకుపో అమ్మాయ్, నీకే. కానీ ఫిల్మ్ ఎక్కడ దొరుకుద్ది ఇప్పుడు? మా రోజుల్లో అయితే ఊటీలో తయారయ్యే ఇందు ఫిల్మ్ కూడా ఉండేది, ఇప్పుడు ఆ కంపెనీయే లేదుగా" అన్నాడు. సంచీలో ఒక పాత కలర్ రోలు కూడా ఉంది, గడువు దాటి పాతికేళ్ళయినది. దాన్ని పారేయకుండా తెచ్చుకోవడం నేను చేసిన తెలివైన పనుల్లో ఒకటి, అది తర్వాత పనికొచ్చింది.

ఈ కెమెరాలో గొప్ప ఏంటంటే షట్టర్‌కి బ్యాటరీ అక్కర్లేదు, అంతా యంత్రమే. వెలుగు కొలిచే మీటరు ముల్లుకి మాత్రం బటన్ సెల్ కావాలి, వాచీల షాపులో ఎల్ఆర్44 అని అడిగితే ఇచ్చారు. మీటరుకి ఆన్, ఆఫ్ స్విచ్చి ఉండదు. లెన్స్‌కి మూత పెడితేనే అది ఆగుతుంది. ఈ సంగతి తెలియక మూత తీసి బల్ల మీద పెట్టేదాన్ని, మొదటి సెల్ త్వరగానే అయిపోయింది.

రిపేరు. వెనక తలుపు చుట్టూ వెలుగు లోపలికి పోకుండా అతికించిన నల్ల ఫోము కరిగి తారులాగా జిగటగా అయిపోయి ఉంది, ముట్టుకుంటే వేళ్ళకి అంటుకుని సబ్బుకి కూడా పోలేదు. బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల మూడు షాపులు తిరిగాను. ఒకచోట కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి "మేడం, దీనికి ఛార్జింగ్ ఎక్కడ పెడతారు" అన్నాడు. చివరికి ఒక పెద్దాయన దొరికారు. నాలుగు రోజులన్నారు, ఇరవై మూడు రోజులు పట్టింది, 1,800 తీసుకున్నారు. ఫోము మార్చి, లెన్స్ తుడిచి, షట్టర్ వేగాలు చూసి ఇచ్చారు. ఆలస్యమైనా పని మాత్రం నికార్సయినది.

ఈలోపు ఫిల్మ్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఇల్‌ఫోర్డ్ హెచ్‌పి5 ప్లస్, 400 స్పీడు (ఈ అంకె పెరిగేకొద్దీ ఫిల్మ్‌కి తక్కువ వెలుగు చాలు), 36 ఫోటోలు. ఒక్కోటి 1,050 పడింది. రెండు తెప్పించి ఫ్రిజ్‌లో గుడ్ల అరలో పెట్టాను. అత్తయ్యగారు రెండు రోజులు చూసి మూడో రోజు "అమ్మాయ్, ఆ మందులెవరికి" అని అడిగారు, పాపం ఇంట్లో ఎవరికో సుగరు వచ్చి తనకి చెప్పట్లేదనుకున్నారట.

ఫిబ్రవరి 16, ఆదివారం. ఉండవల్లి గుహలు. బ్యారేజీ దాటితే వచ్చేస్తుంది కాబట్టి ఎండ ముదరకముందే స్కూటీ మీద వెళ్ళిపోయాను. ఫిల్మ్ ముందురోజు రాత్రి ఎక్కించాను, వీడియో చూసి. ఆ రోజు నిజంగా ఎంత బాగుందంటే, ఫోన్‌తో అయితే గుహ ముందు నిలబడి పది నిమిషాల్లో ఓ అరవై తీసి కొబ్బరిబోండాం తాగి వచ్చేసేదాన్ని. ఇక్కడ ఒక్కో నొక్కుడుకి 29 రూపాయలు కళ్ళముందు కనపడతాయి కదా, స్తంభం నీడ అరుగు మీద నుంచి జరిగేదాకా కూర్చున్నాను. పై అంతస్తులో పడుకున్న అనంతపద్మనాభస్వామి దగ్గర చీకటి, షట్టర్ సెకనులో పదిహేనో వంతు తెరుచుకునేలా పెట్టి గోడకి ఆనుకుని ఊపిరి బిగబట్టి నాలుగు తీశాను. పూజారి గారు "ఏ ఛానెలమ్మా" అన్నారు. ఛానెల్ కాదండీ ఊరికే అంటే నమ్మలేదు. ఒక ముసలమ్మ మాత్రం కెమెరా చూడగానే కొంగు సర్దుకుని, చేతులు రెండూ పక్కకి పెట్టుకుని, కదలకుండా, నవ్వకుండా నిలబడింది. నేను ఫోకస్ తిప్పుకునేదాకా కన్ను కూడా ఆర్పలేదు. ఫోటోకి ఎలా నిలబడాలో తెలిసిన మనిషి.

లెక్క 36 దాటింది. 37, 38. ఒకటో రెండో ఎక్కువ రావడం మామూలే అని చదివాను కాబట్టి సంతోషించాను. 40. 41. ఇంకా ఫిల్మ్‌ని ముందుకి జరిపే లీవర్ హాయిగా తిరుగుతోంది. అప్పుడు గుండెలో రాయి పడింది. అక్కడే చెట్టు కింద కూర్చుని బాబాయికి ఫోన్ చేశాను.

"లీవర్ తిప్పినప్పుడల్లా ఎడమ చేతివైపు పైన గుండ్రటి నాబ్ కూడా తిరిగిందా?"

"లేదు బాబాయ్."

ఇంక ఆయన నవ్వు ఆపలేదు. పిన్నికి కూడా చెప్పి నవ్వించాడు.

విషయం ఏంటంటే ఫిల్మ్ కొస అవతలివైపు చక్రంలో సరిగ్గా ఇరుక్కోలేదు, జారిపోయింది. లీవర్ తిరుగుతుంది, షట్టర్ కొడుతుంది, అంకె కూడా పెరుగుతుంది, ఫిల్మ్ మాత్రం డబ్బా దాటి బయటికి రాలేదు. 41 ఫోటోలు తీశాను, ఒక్కటీ తీయలేదు. రోలు కొత్తదిలాగే మిగిలిపోయింది, 1,050 ఎక్కడికీ పోలేదు, పోయింది ఆదివారమే. ఆ ముసలమ్మ ఫోటో గురించి మాత్రం ఇప్పటికీ బాధే, తర్వాత రెండుసార్లు వెళ్ళాను, కనపడలేదు. మీరు ఫిల్మ్ ఎక్కించాక వెనక తలుపు వేసి, వదులుగా ఉన్న ఫిల్మ్‌ని ఆ నాబ్‌తో బిగించి, లీవర్ తిప్పి, నాబ్ తిరుగుతోందో లేదో చూసుకుని అప్పుడు ఇంట్లోంచి బయల్దేరండి.

మార్చి 2, ఆదివారం, అదే రోలుతో కొండపల్లి కోట. ఈసారి మావారు, పాప కూడా వచ్చారు. పాప ప్రతి పది నిమిషాలకీ నాబ్ చూసి "తిరిగింది" అని అరిచేది. ఇక్కడ నాకు తెలిసొచ్చింది ఏంటంటే మన ఎండకి 400 స్పీడు ఫిల్మ్ ఎక్కువే. ఎండలో ఎపర్చరు (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం, అంకె పెరిగితే చిన్నదవుతుంది) 16 దగ్గర పెట్టి షట్టర్ వేగం ఫిల్మ్ స్పీడుకి దగ్గరగా పెట్టమంటారు కదా, అంటే 500, సెకనులో 500వ వంతు. ఈ కెమెరాలో ఆఖరి వేగం 1000. వెనకదంతా మసకగా, మొహం ఒక్కటే స్పష్టంగా వచ్చే ఫోటోలు పగటిపూట మర్చిపోవాల్సిందే, ఎపర్చరు తెరిచే వీలే లేదు. నీడలో బొమ్మలు చేసేవాళ్ళ దగ్గరకి వచ్చాక హాయి అనిపించింది. తెల్ల పొణికి చెక్క రంగు వెయ్యకముందు ఎంత తెల్లగా ఉంటుందో, దాని మీద ఉలి నీడ ఎంత సన్నగా పడుతుందో బ్లాక్ అండ్ వైట్ మనసులో పెట్టుకుని చూస్తే తప్ప నాకు కనపడలేదు. రంగులేసిన ఏనుగు అంబారీలు వరసగా పెట్టి ఉంటే వాటిని వదిలేసి పక్కన చెక్క తుక్కుని ఫోటో తీస్తున్నానని షాపామెకి కోపం వచ్చింది. ఒక దశావతారాల సెట్టు కొని శాంతింపజేశాం, 600.

మార్చి 4న ఆ రోలుని వేరే ఊరిలో ఒక ల్యాబుకి కొరియర్ చేశాను. డెవలప్ చేసి స్కాన్ చేయడానికి 450, కొరియర్ 90. వారంలో ఫైల్స్ పంపుతాం అన్నారు. మొదటి వారం నేను పండగ ముందు పిల్లలా ఉన్నాను. రెండో వారం రోజుకోసారి మెయిల్ చూసేదాన్ని, కౌంటరులో కస్టమరు ఎదురుగా ఉండగా కూడా. మూడో వారం ఫోన్ చేస్తే "బ్యాచ్ నిండాలి మేడం, బ్లాక్ అండ్ వైట్ తక్కువ వస్తాయి" అన్నారు. పంపిన పంతొమ్మిదో రోజు, మార్చి 23 రాత్రి లింకు వచ్చింది. 36లో 31 వచ్చాయి. కోట గోడ మీద పాప కాళ్ళు ఊపుతూ కూర్చున్నది చూసి మావారు "ఇది మన పాపేనా, మీ చిన్నప్పటిదా" అన్నారు. అంతవరకూ బాగానే ఉంది. కానీ సగం ఫోటోల్లో పొడుగ్గా రెండు గీతలు. నెగటివ్‌లు తిరిగి పంపడానికి ఇంకో 100, అవి ఏప్రిల్ 3న చేరాయి, చూస్తే గీతలు స్కాన్‌లో కాదు, ఫిల్మ్ మీదే. అడిగితే కెమెరాదే తప్పన్నారు. అయి ఉండొచ్చు, కాకపోయి ఉండొచ్చు. తర్వాతి రోల్స్ మీద మాత్రం గీతల్లేవు, అంతే చెప్పగలను.

అప్పటికే నేను ఇంట్లో డెవలప్ చేసే సామాను ఆర్డర్ పెట్టేసి ఉన్నా. ఏప్రిల్ 8కల్లా వచ్చేసింది. డెవలపింగ్ ట్యాంకు 3,800, వెలుగు దూరని నల్ల సంచీ 1,600, డి-76 అనే డెవలపరు (ఫిల్మ్ మీద బొమ్మని తేల్చే మందు) పొడి ఒక లీటరుది 950, ఆ బొమ్మని నిలిపే ఫిక్సరు 900, థర్మామీటరు 350, సీసాలు 240. మొత్తం 7,840. మావారు ఏమీ అనలేదు, కాగితం మీద కూడి నా ముందు పెట్టి వెళ్ళిపోయారు, అంతకంటే ఏదైనా అని ఉంటే బాగుండేది.

సామాను వచ్చాక రెండో రోలు తీయడానికి పెడన వెళ్ళాను. ఏప్రిల్ 12, రెండో శనివారం, బందరు వైపు వెళ్ళే రైలెక్కి. కలంకారీ ఊరికి బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ పట్టుకెళ్ళడం ఏంటని మీరు నవ్వుకోవచ్చు, రైల్లో పక్క సీటావిడ నవ్వింది కూడా. నాకు మాత్రం అక్కడ రంగుల కంటే చేతులే చూడాలని ఉండేది.

మా బ్యాంకులో ఒకాయన తమ్ముడి ద్వారా ఒక షెడ్డుకి వెళ్ళాను. పొడుగాటి బల్లలు, వాటి మీద మెత్తగా ఉండటానికి గోనె పరుపు, దాని మీద గుడ్డ. యాభై దాటిన ఒకాయన టేకు అచ్చుని రంగు తొట్టిలో అద్ది, గుడ్డ మీద పెట్టి, పిడికిలితో ఒక్కటి గుద్ది, తీసి, పక్కకి జరిగి, మళ్ళీ. ఆ శబ్దానికి ఒక లయ ఉంది. కాసేపటికి నా షట్టర్ కూడా దానికి తగ్గట్టే పడటం మొదలైంది, గుద్దిన తర్వాత అచ్చు ఎత్తే ముందు చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది, అక్కడ. కిటికీ వెలుగులో అరవయ్యో వంతు, ఎపర్చరు 2.8. గంటన్నరలో పద్నాలుగు తీశాను. మధ్యలో టీ ఇప్పించారు.

ముందు నల్ల గీతల అచ్చు. ఇనప తుక్కు, బెల్లం ఊరబెట్టిన ద్రవం అది, కరక్కాయలో తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద పడగానే నల్లబడుతుంది. తర్వాత ఎరుపు రావాల్సిన చోట పటిక అచ్చు. అక్కడ ఎరుపేం లేదు. ఎక్కడండీ ఎరుపు అని అడిగాను.

"ఇప్పుడు కనపడదమ్మా. ఉతికి, రంగులో ఉడకబెడితే అప్పుడు తేలుద్ది. పటిక పడిన చోటే పట్టుద్ది, మిగతాచోట పట్టదు."

"నా దాన్లో కూడా అంతేనండీ, ఇప్పుడేం కనపడదు" అని కెమెరా చూపించాను. ఆయన "అట్టాగా" అని ఇంకో అచ్చు గుద్దారు. పెద్దగా ఆశ్చర్యపోలేదు. రోజూ చేసే పనేగా ఆయనకి.

మధ్యాహ్నం బయట ఆరేసిన గుడ్డల దగ్గరకి వెళ్ళాను. ఇవి ఉడకబెట్టి, ఉతికి ఆరేసినవి. తెల్లటి గుడ్డ మీద నల్ల గీతలు, వాటి లోపల నిండుగా ఎర్ర పూలు, పైన మంచి తెల్లమబ్బులు. లెన్స్ ముందు ఎర్ర ఫిల్టరు, అంటే ఎర్ర అద్దం, పెడితే ఆకాశం నల్లగా, మబ్బులు దూదిలా వస్తాయని చదివి 450 పెట్టి కొని ఉన్నా, అది బిగించాను. దానికి వెలుగు బాగా తగ్గుతుంది, మూడు స్టాపులు, అంటే ఎనిమిదో వంతుకి. అయినా ఎండకి ఏం లోటు. ఎనిమిది తీశాను. ఎగ్జిబిషన్‌లో పెట్టే ఫోటోలు ఇవే అనుకుంటూ తిరుగు రైలెక్కాను.

ఏప్రిల్ 20, ఆదివారం. ఇంట్లో మొదటిసారి డెవలపింగ్. ఈ రోజు గురించి వివరంగా చెప్తాను, ఎందుకంటే పుస్తకాల్లో, వీడియోల్లో చెప్పేవాళ్ళంతా చల్లటి దేశాలవాళ్ళు, కుళాయి తిప్పితే 20 డిగ్రీల నీళ్ళు వస్తాయి వాళ్ళకి. మా కుళాయిలో ఆ రోజు పొద్దున్న ఎనిమిదికి 34.

డి-76 పొడిని వేడినీళ్ళలో, 50 డిగ్రీలు దాటిన నీళ్ళలో, కలపాలి. ముందురోజు రాత్రే కలిపి పెట్టాను, తెల్లారేసరికి చల్లారుతుందని. తెల్లారేసరికి 33 దగ్గర ఆగింది, ఇంక దిగనంది. ఇంట్లో ఐసు సరిపోలేదు, చెరుకు రసం బండి దగ్గర 20 రూపాయలకి ఐసు గడ్డ కొనుక్కొచ్చి బకెట్లో వేసి సీసాలు అందులో నిలబెట్టాను. దిగడం మొదలెట్టాక అది 20 దగ్గర ఆగదు కదా, నేను థర్మామీటరు కడిగేలోపు 17. తీసి బయట పెడితే 22. అలా గంటసేపు సీసాతో దోబూచులాడాను. అనుభవం మీద చెప్తున్నా, ఐసు గడ్డలు కాదు, ఐసు కలిపి ముందే 20కి తెచ్చుకున్న బకెట్ నీళ్ళు ఉండాలి, సీసాలన్నీ అందులో అరగంట నిలబెడితే అన్నీ ఒకే వేడికి వస్తాయి. ఆఖర్న కడిగే నీళ్ళు కూడా అందులోవే వాడాలి. 20 డిగ్రీల ఫిక్సరులోంచి తీసి 34 డిగ్రీల కుళాయి కింద పెడితే ఫిల్మ్ మీద పూత ఎండిన చెరువు అడుగులా పగిలే ప్రమాదం ఉంది.

ఫిల్మ్‌ని చీకట్లో, ట్యాంకులో పెట్టే రీలు మీదకి ఎక్కించడం అన్నిటికంటే నరకం. బాబాయి పాత కలర్ రోలుతో వెలుతుర్లో పదిసార్లు, కళ్ళు మూసుకుని పదిసార్లు ప్రాక్టీసు చేశాను. అయినా నల్ల సంచీలో చేతులు పెట్టిన ఐదు నిమిషాలకి లోపల చెమట. ప్లాస్టిక్ రీలుకి తడి తగిలిందా, ఫిల్మ్ ఇంక కదలదు. తోస్తే వంగుతుంది. సంచీలోంచి చేతులు తీయకూడదు, ఫిల్మ్ డబ్బా బయటే ఉంది. ముక్కు దురద. పాపని పిలిచి గీకించుకున్నాను. అదే టైముకి కరెంటు పోయింది, ఫ్యాను, ఏసీ ఆగిపోయాయి. యాభై నిమిషాలు పట్టింది, సంచీలో నేను ఏడవలేదు కానీ దగ్గరికొచ్చింది. మూడో రోలప్పుడు తెలివొచ్చి, గంట ముందే గదిలో ఏసీ వేసి, సంచీ, రీలు, ట్యాంకు అన్నీ అక్కడే పెట్టి, చేతులు పొడిగా తుడుచుకుని మొదలెడితే ఆరు నిమిషాల్లో ఎక్కింది.

తర్వాతదంతా తేలిక. ట్యాంకు మూత పడ్డాక ఇంక వెలుతుర్లోనే పని. ఒక రీలుకి 290 మిల్లీలీటర్లు కావాలని ట్యాంకు అడుగునే రాసి ఉంటుంది. 150 డెవలపరు, 150 నీళ్ళు, 20 డిగ్రీలు, 11 నిమిషాలు. నిమిషానికోసారి నాలుగుసార్లు తిరగేసి నెమ్మదిగా గచ్చు మీద తట్టడం, బుడగలు పోవడానికి. నీళ్ళతో ఒకసారి కడిగి ఫిక్సరు ఐదు నిమిషాలు. ఈ వాసనకి అత్తయ్యగారు బాత్రూం గుమ్మం దగ్గరకొచ్చారు. ఆవకాయ రోజులు దగ్గరపడుతున్నాయి, ఆవిడ అప్పుడే జాడీలు కడిగి ఎండబెడుతున్నారు. "అమ్మాయ్, నీ సీసాలు, నీ కొలత చెంబు వంటింటి గడప దాటకూడదు, ముందే చెప్తున్నా" అన్నారు. న్యాయమైన మాటే. నావన్నీ వేరే ట్రేలో, పేర్లు రాసి, పాపకి అందకుండా బాత్రూం అటక మీద ఉంటాయి.

కడగడానికి కుళాయి అరగంట వదలక్కర్లేదు. ఇల్‌ఫోర్డ్ వాళ్ళు చెప్పే పద్ధతి ఒకటుంది, ట్యాంకు నింపి ఐదుసార్లు తిరగేసి పారబోయడం, మళ్ళీ నింపి పదిసార్లు, మళ్ళీ నింపి ఇరవైసార్లు. చివరగా మాత్రం తాగే నీళ్ళ క్యాను నీళ్ళు వాడండి. మా బోరు నీళ్ళతో వదిలేసిన చోట ఆరాక ఫిల్మ్ మీద తెల్ల మచ్చలు పడ్డాయి.

ట్యాంకు తెరిచి రీలు నుంచి ఫిల్మ్ లాగుతుంటే తడిగా, కొంచెం ఊదా రంగు ఛాయతో, దాని మీద వరసగా చిన్న చిన్న కిటికీలు. మొదటి కిటికీలో చెయ్యి. నెగటివ్‌లో నల్లటి గుడ్డ, తెల్లటి అచ్చు, వేళ్ళు. "వచ్చాయి" అని అరిచాను. ఇంట్లో నలుగురం బాత్రూంలో నిలబడి పైకెత్తి బల్బు ముందు చూశాం. 36లో 27 బాగున్నాయి. తోసి వంచిన చోట నెలవంక గుర్తులు, ఒకచోట ఫిల్మ్ ఫిల్మ్‌కి అంటుకుని మందు తగలక అలాగే ఉండిపోయింది. ఆ రాత్రంతా అది షవరు రాడ్‌కి కిందన బట్టల క్లిప్పుతో వేలాడింది, ఎవరూ స్నానం చేయడానికి వీల్లేదు, దుమ్ము లేవకూడదని ఫ్యాను కూడా లేదు.

తెల్లారి స్కానింగ్. ట్యాబ్‌లో తెల్ల తెర వెలిగించి దాని మీద ఫిల్మ్ పెట్టి, తమ్ముడి డిజిటల్ కెమెరాతో దగ్గరగా తీసి కంప్యూటర్లో నలుపుని తెలుపుగా, తెలుపుని నలుపుగా తిరగేశాను. నేరుగా తెర మీద పెడితే తెరలోని చుక్కలన్నీ ఫోటోలో వల లాగా పడ్డాయి. రెండు అగ్గిపెట్టెల మీద ఫోటో ఫ్రేము అద్దం పెట్టి ఎత్తు చేస్తే పోయాయి.

చేతుల ఫోటోలు నేను ఆశించినదానికంటే బాగున్నాయి. ఎగ్జిబిషన్ ఫోటోలు? ఆకాశం నిజంగానే నల్లగా, మబ్బులు దూదే. కింద గుడ్డల మీద పూలు లేవు! ఎర్ర ఫిల్టరు ఎర్ర వెలుగుని ఆపకుండా లోపలికి పోనిస్తుంది, అంటే ఫిల్మ్ మీద ఎరుపు కూడా దాదాపు తెలుపైపోతుంది. తెల్ల గుడ్డ మీద ఎర్ర పువ్వు గుడ్డలో కలిసిపోయింది. ఎనిమిది ఫోటోల్లోనూ ఉత్త నల్ల గీతలు, పిల్లల రంగులేసుకునే పుస్తకంలా. చదివేటప్పుడు ఆకాశం గురించి చదివాను తప్ప ఎరుపు గురించి బుర్ర పెట్టలేదు. మొదట ఏడుపొచ్చింది. తర్వాత చూస్తుంటే అచ్చం ఆ షెడ్డులో బల్ల మీద చూసిన గుడ్డలా ఉంది, ఉడకబెట్టక ముందుది, నల్ల గీత పడి ఎరుపు తేలనిది.

మూడో రోలు గురించి ఎక్కువ లేదు. మే 4న అందరం సూర్యలంక బీచ్. పాప కెమెరా పట్టుకుంటానని నాబ్ పైకి లాగింది, అలా లాగితే వెనక తలుపు తెరుచుకుంటుంది. ఇసుకలో ఎండకి ఒక్క క్షణం. చివరి ఏడూ పూర్తిగా పోయాయి, వాటి ముందువి సగం సగం. అత్తయ్యగారు చీర కుచ్చెళ్ళు పట్టుకుని అలలో నిలబడ్డ ఫోటోలో కుడివైపంతా తెల్లటి మంట. "ఇదేంటి, సగం నేనే ఉన్నాను" అని చూసి, ఆ ఫోటోనే ఫ్రేము కట్టించమన్నారు. ఎందుకో చెప్పలేదు.

ఇంట్లో చేస్తే రోలుకి మందుల ఖర్చు 170 దగ్గర తేలుతోంది, ల్యాబుకి అయితే 640 అయింది. లీటరు డెవలపరు ఆరు రోల్స్‌కి వస్తుంది. మావారి కాగితం ప్రకారం నా 7,840 రాబట్టాలంటే ఇంకో పదిహేను రోల్స్ తీయాలి. అదే నాకు కావాల్సిన కారణం.

ప్రింట్లు. మా వీధి చివర స్టూడియోలో 8×12 సైజు మూడు వేయించాను, ఒక్కోటి 90. ఒకటి పచ్చగా వచ్చింది, మిగతావి గులాబీగా. వాళ్ళది కలర్ పేపరు మెషీను, అందులో బ్లాక్ అండ్ వైట్ వేస్తే ఏదో ఒక రంగు కొడుతుందట. మళ్ళీ వేయిస్తే ఈసారి కొంచెం నీలి ఛాయ. దానికి రాజీ పడ్డాను.

జూన్ 14, రెండో శనివారం, ఆ ప్రింట్లు పట్టుకుని పెడన వెళ్ళాను. అదే షెడ్డు, అదే బల్ల. ఆయన చేతులు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, పిడికిలి అచ్చు మీద ఆగి ఉన్న ఫోటోని కిటికీ దగ్గరకి పట్టుకెళ్ళారు. చాలాసేపు చూశారు. నేను ఏం అంటారో అని చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఫోటోలో ఒక మూల, ఆయన చేతికి జానెడు అవతల, బోర్డరు మీద వేలు పెట్టారు.

"ఇక్కడ చూడు, జాయింటు తప్పింది."

నేను వంగి చూశాను. రెండు అచ్చులు కలిసే చోట గీత వెంట్రుకవాసి పక్కకి ఉంది. ఆ ఫోటోని స్కాన్ చేసి, పెద్దది చేసి, రెండుసార్లు ప్రింటు వేయించిన నాకు అది ఎప్పుడూ కనపడలేదు. ఆయన షెడ్డు అవతలి చివర బల్ల దగ్గర పనిచేస్తున్న కుర్రాణ్ణి కేకేసి పిలిచారు. "ఒరే, ఏప్రిల్లో ఆ చివర బోర్డరు వేసింది నువ్వే కదా, ఇట్రా, నీ పని చూసుకో." వాడు వచ్చి చూసి, నేను కాదంటే నేను కాదని మొదలెట్టాడు. ఇంకో ఇద్దరు వచ్చారు. ఫోటో చేతులు మారుతూ బల్ల చుట్టూ తిరిగింది, ఒకడి వేళ్ళకున్న నల్ల రంగు దాని అంచుకి అంటింది, టీ వచ్చినా ఎవరూ తీసుకోలేదు. నేను సంచీలోంచి కెమెరా తీసి, మూత తీసి, లీవర్ తిప్పాను. నాబ్ తిరిగింది.